రిజిస్టరుకెక్కని పేర్లు: ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీల్లో ఇ.ఎస్.ఐ. కాగితాల చరిత్ర

కార్మికుల చరిత్ర రాసేవాళ్ళు సమ్మెల మీద రాస్తారు, యూనియన్ల మీద రాస్తారు, నాయకుల జీవిత చరిత్రలు రాస్తారు. హాజరు పట్టీ మీద ఎవరూ రాయరు. జీతాల రిజిస్టరు, ఇ.ఎస్.ఐ. డిక్లరేషను ఫారం, యాక్సిడెంట్ బుక్కు, పి.ఎఫ్. నామినేషను కాగితం, ఇవన్నీ గుమాస్తాల పనే గానీ చరిత్రకారుల పని కాదనుకుంటారు. మేము దీన్ని ఒప్పుకోవడం లేదు. దళితుల విషయంలో అసలే ఒప్పుకోలేము. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి పొడుగునా దశాబ్దాలుగా నడిచిన ఫ్యాక్టరీల్లో దళితుడు కార్మికుడా కాదా అన్నది తేల్చింది అతను నడిపిన యంత్రం కాదు, ఒక పుస్తకంలో ఒక వరుస. ఆ వరుసలో పేరుంటే రోగమొస్తే ఆసుపత్రి, చెయ్యి పోతే పింఛను, పనిలో ప్రాణం పోతే భార్యకు నెలనెలా డబ్బు. పేరు లేకపోతే "మా మనిషి కాదు" అనే మూడు మాటలు. అంతే సంగతి.

చట్టం ఆ పుస్తకం రాసే బాధ్యతను యజమాని మీద పెట్టింది. రాయకపోతే నష్టపోవలసింది కూడా యజమానే అన్నది. ఆచరణలో ఆ నష్టం కార్మికుడి నెత్తిన పడింది. ఈ తారుమారు ఎట్లా జరిగిందో, దానికీ కులానికీ ఉన్న లంకె ఏమిటో చూడడమే మా ఉద్దేశం.

చట్టం పుట్టిన శాఖ

1942 జూలైలో డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా చేరారు. ఆ శాఖ ఆయన చేతిలో ఉండగానే, 1943 మార్చిలో, పారిశ్రామిక కార్మికులకు ఆరోగ్య బీమా పథకం తయారు చేసే పని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944 ఆగస్టులో నివేదిక వచ్చింది. దాని ఆధారంగా 1946 నవంబరులో బిల్లు సభ ముందుకు వచ్చేనాటికి శాఖ జగ్జీవన్ రామ్ దగ్గర ఉంది. 1948 ఏప్రిల్లో అది ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్ చట్టం అయినప్పుడు కూడా లేబరు మంత్రి ఆయనే. అంటే కార్మికుడి రోగానికీ, ప్రసవానికీ, అంగవైకల్యానికీ బాధ్యత పడ్డ ఈ చట్టం ఆలోచన నుంచి ఆమోదం దాకా ఇద్దరు దళిత నాయకుల బల్లల మీదుగా నడిచింది. కార్మికోద్యమ చరిత్రలు దీన్ని గుర్తు పెట్టుకోకపోవడం మాకు ఆశ్చర్యం కలిగించదు. కానీ దళిత ఉద్యమం కూడా రిజర్వేషన్ల గురించి మాట్లాడినంతగా దీని గురించి మాట్లాడలేదు. అది మాత్రం కొంచెం ఆలోచించుకోవలసిన విషయం.

పనిలో కులం ఎట్లా పనిచేస్తుందో అంబేద్కర్‌కు తెలియక కాదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన చెప్పిన విషయం అదే. రైల్వేలో అంటరాని కులాల మనిషి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతాడు. బట్టల మిల్లుల్లో నేత ఖాతాలోకి అతన్ని రానివ్వరు. కార్మికుడన్న పేరు ఒకటే అయినా లోపల గదులు వేరు. 1948 చట్టంలో ఈ గదుల ప్రస్తావన లేదు. చట్టం దృష్టిలో ఉన్నది ఉద్యోగి, యజమాని, వాళ్ళ మధ్య ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరుకు ఎవరు ఎక్కుతారన్న ప్రశ్న దగ్గర కులం మళ్ళీ వెనక దారిలో లోపలికి వచ్చింది.

పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. కార్మికుడి జీతంలోంచి కొంత, యజమాని నుంచి ఇప్పటి రేట్ల ప్రకారం దానికి నాలుగింతలకు పైగా చందాగా పోతుంది. ఆ నిధి నుంచి వైద్యం, జబ్బు కాలానికి జీతంలో కొంత భాగం, ప్రసూతి భృతి, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం, చనిపోతే ఆధారపడ్డవాళ్ళకు పింఛను. కార్మికుడు ఈ పథకంలో ఉన్నాడా లేడా అని రాసే అధికారం మాత్రం యజమాని గుమాస్తాది. బ్రిటన్‌లో 1911 జాతీయ బీమా చట్టం కింద ప్రతి కార్మికుడికీ ఒక కార్డు ఉండేది, చందా కట్టిన ప్రతి వారానికి దానిమీద స్టాంపు అంటించేవారు. పని మారితే కార్డు మనిషి వెంట వెళ్ళేది, ఎన్ని స్టాంపులు పడ్డాయో కంటికి కనిపించేది. అమెరికాలో 1974లో వచ్చిన ఎరిసా చట్టం యాజమాన్యాలు నడిపే ప్రతి సంక్షేమ పథకమూ రాతపూర్వకంగా ఉండాలనీ, దాని సారాంశం అర్థమయ్యే భాషలో కార్మికుడి చేతికి ఇవ్వాలనీ పట్టుబట్టింది. మన ఫ్యాక్టరీల చట్టం చట్ట సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ గోడకు అంటించమంది. గోడమీది కాగితం వేరు, చేతిలోని కాగితం వేరు. గేటు లోపలికి రాని మనిషికి గోడ కూడా కనపడదు గదా.

ఐ.డి.ఎ. అన్న మూడక్షరాలు

హైదరాబాదు తూర్పు వైపు కార్ఖానాల చరిత్ర రైల్వేతో మొదలై ప్రభుత్వ రంగంతో పెరిగింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పందొమ్మిదో శతాబ్దం చివరిది. 1967లో ఇ.సి.ఐ.ఎల్., తర్వాత నాలుగైదేళ్ళకు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు వచ్చాయి. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పడింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి అడ్రసుల ముందు ఐ.డి.ఎ. అన్న మూడక్షరాలు చేరి, అవే ఊరి పేర్లంత పరిచయమయ్యాయి. ఇనుప సామాన్లు, ప్లాస్టిక్కు, రసాయనాలు, మందులు, రెడీమేడ్ బట్టలు, ఇట్లా అన్నీ చిన్నా చితకా యూనిట్లు. వరంగల్ రోడ్డు ఉప్పల్ మీదుగానే పట్నంలోకి వస్తుంది. నల్లగొండ, వరంగల్, రంగారెడ్డి పల్లెల నుంచి భూమి లేని మాల మాదిగ కుటుంబాలు ఆ రోడ్డు పట్టుకొని వచ్చి ఇక్కడి బస్తీల్లో దిగాయి.

ప్రభుత్వ రంగానికీ ప్రైవేటు ఎస్టేటుకూ మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ కాగితాల లెక్కలో అవి రెండు వేరు దేశాలు. ప్రభుత్వ రంగంలో రోస్టరు ఉంటుంది, ఎస్.సి. అని రాసే గడి ఉంటుంది, ఎంతమంది ఉన్నారో ఏటా లెక్క చెప్పాలి. ప్రైవేటు ఫ్యాక్టరీ ఉద్యోగుల రిజిస్టరులో పేరు, తండ్రి లేక భర్త పేరు, పని, పనిచేసిన రోజులు, జీతం, చందా ఉంటాయి. కులం గడి లేదు. ఒకరకంగా అది మంచిదే, గుమాస్తా కులం రాసుకుంటే ఇంకెన్ని అనర్థాలు జరిగేవో. కానీ దాని ఫలితం ఏమిటంటే, నాచారం ఫ్యాక్టరీల్లో దళితులు ఏ పనిలో ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క ఎప్పటికీ పుట్టలేదు. లెక్క లేదు కాబట్టి సమస్య లేదని చెప్పడం సులువైపోయింది.

ఈ మౌనాన్ని చదవడానికి మరో దారి ఉంది. రిజిస్టరులో ఎవరున్నారని కాకుండా ఏ పనులు లేవని అడగాలి. పర్మనెంటు ఆపరేటరు ఉంటాడు, ఫిట్టరు ఉంటాడు, స్టోర్సు గుమాస్తా ఉంటాడు. లారీకి సరుకెత్తే హమాలీ, షెడ్డు ఊడ్చే ఆడమనిషి, మరుగుదొడ్లు కడిగేవాళ్ళు, మురుగు తొట్టిలోకి దిగడానికి ఒక్క రోజుకు పిలిపించిన మనిషి, ప్రహరీ గోడ కట్టే కూలీలు, వీళ్ళు ఉండరు. ఉన్నా కాంట్రాక్టరు జేబు పుస్తకంలో ఉంటారు. ఈ పనుల పేర్లు చదివితే కులం గడి లేకుండానే కులం కనిపిస్తుంది. ఊళ్ళో ఏ కులం ఏ పని చేయాలన్న పాత పంపకమే ఇక్కడ పర్మనెంటు, కాంట్రాక్టు, క్యాజువలు అన్న కొత్త పేర్లతో కొనసాగింది.

కోర్టు మెట్ల మీద

ఇంతకీ చట్టం ఈ మనుషుల్ని వదిలేసిందా? లేదు. చాలామంది కార్యకర్తలకు కూడా తెలియని విషయమేమిటంటే, ఉద్యోగి అన్న మాటకు ఇ.ఎస్.ఐ. చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా వెడల్పయినది. కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, ఫ్యాక్టరీ పనికి అనుబంధమైన పని చేసినా, ముఖ్య యజమానే ముందు చందా కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి.

దీని మీద ముఖ్యమైన తీర్పు హైదరాబాదు నుంచే పోయింది. ఇక్కడి సినిమా హాళ్ళ యజమానులు క్యాంటీన్లనూ సైకిల్ స్టాండ్లనూ వేరేవాళ్ళకు కాంట్రాక్టుకిచ్చి, అక్కడ పనిచేసేవాళ్ళతో మాకేం సంబంధం అన్నారు. రాయల్ టాకీస్ కేసుగా పేరు పడ్డ ఈ వివాదంలో 1978లో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ఇస్తూ, సైకిళ్ళు కాసే కుర్రవాడూ, చాయ్ అందించే మనిషీ సినిమా హాలు ఉద్యోగులే అని తేల్చారు. 1985లో ఉస్మానియా యూనివర్సిటీ ప్రచురణల విభాగం, ప్రెస్సు ఈ చట్టం కింద ఫ్యాక్టరీయే అని అదే కోర్టు చెప్పింది. ఉస్మానియాకూ నాచారానికీ మధ్య ఉన్నది హబ్సిగూడ ఒక్కటే. పుస్తకాలు అచ్చేసే విశ్వవిద్యాలయమే తన ప్రెస్సు పనివాళ్ళ బీమా వద్దని సుప్రీంకోర్టు దాకా పోయిందంటే, షెడ్డులో పదిహేనుమందితో ప్లాస్టిక్ బకెట్లు చేసే యజమాని సంగతి చెప్పాలా?

1986లో సౌత్ ఇండియా ఫ్లోర్ మిల్స్ కేసులో క్యాజువలు కూలీలు కూడా ఉద్యోగులే అన్నారు. 1996లో రాజకమల్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో హమాలీలు ఉద్యోగులే అన్నారు. 2003లో భారగత్ ఇంజనీరింగ్ కేసు ఇంకా ముఖ్యం. చందా ఏ రోజున కట్టారన్నది కాదు ముఖ్యం, మనిషి పనిలో ఉన్న రోజు నుంచీ చందా బాకీయే, కనుక అప్పటినుంచే అతను బీమా ఉన్న మనిషి అన్నది దాని సారం. అంటే హమాలీ, ఊడ్చే మనిషి, ఒక్క రోజు కూలీ, వీళ్ళందరినీ చట్టం ఒక్కొక్కరిగా లోపలికి తెచ్చింది. కానీ చూడండి, ప్రతి ఒక్కరికీ ఒక కేసు కావలసి వచ్చింది. ఒక్కో కేసుకు ఏళ్ళు పట్టింది. ఈలోగా ఆ మనుషులు ఏమయ్యారో తీర్పుల్లో రాయరు.

ఒక తీర్పు కార్మికులకు ఎదురుగా కూడా వచ్చింది. 1996లో ఫ్రాన్సిస్ డికోస్టా కేసులో, పనికి వస్తూ ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో ప్రమాదానికి గురైతే అది పనిలో తగిలిన దెబ్బ కాదన్నారు. ఉప్పల్ చౌరస్తాలో షిఫ్టు టైముకు లారీల మధ్య సైకిలు తొక్కినవాళ్ళకు ఆ కిలోమీటరు అంటే ఏమిటో తెలుసు. 2010 సవరణతో గానీ రాకపోకల్లో జరిగిన ప్రమాదం చట్టంలోకి రాలేదు. అప్పుడు కూడా ఆ ప్రమాదానికీ పనికీ సంబంధం ఉందని తేలాలి. మనిషి ఆ రోజు డ్యూటీకే బయలుదేరాడని తేల్చేది ఏమిటి? మళ్ళీ మస్టరే.

పేరులేని డబ్బు

రిజిస్టరు రాయని యజమాని మీద చట్టం ఒక ఆయుధం పెట్టింది. పుస్తకాలు చూపించకపోయినా, రిటర్నులు వేయకపోయినా, కార్పొరేషను తనకు దొరికిన సమాచారంతో చందా ఎంతో తానే లెక్కగట్టి వసూలు చేయవచ్చు. 45ఎ సెక్షను అంటే ఇదే. కార్మికుడి జీతంలో కోసుకొని కట్టకపోతే అది నమ్మకద్రోహం నేరం కూడా. శిక్షాస్మృతికి పి.ఎఫ్. విషయంలో 1973లోనూ, ఇ.ఎస్.ఐ. విషయంలో 1975లోనూ ఆ వివరణలు చేర్చారు.

45ఎ లో ఉన్న మెలిక చూడాలి. యజమాని ఇచ్చిన కూలి మొత్తం మీద చందా లెక్కగడతారు, డబ్బు నిధికి చేరుతుంది. ఆ కూలి ఎవరికి ముట్టింది అన్న పేర్లు మాత్రం చేరవు. 1993లో హారిసన్ మలయాళం కేసులో, కార్మికులు ఎవరో గుర్తు పట్టలేకపోయినా, వాళ్ళు వెళ్ళిపోయినా చందా కట్టాల్సిందే, ఇది బీమా కాబట్టి నిధి అందరిదీ అని సుప్రీంకోర్టు అన్నది. యజమాని తప్పించుకోవడానికి వీల్లేకుండా చేసిన మంచి తీర్పే. పి.ఎఫ్. వేరు, అక్కడ ఒక్కొక్కరికీ సొంత ఖాతా. అందుకే 1990లో ఫుడ్ కార్పొరేషన్ కేసులో, పి.ఎఫ్. కమిషనరు తనకున్న అధికారాలు వాడి కాంట్రాక్టర్లను పిలిపించి సాక్ష్యం సేకరించకుండా ఊరికే మొత్తం తేల్చేయడం సరికాదన్నారు. రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెడితే మాకు కనిపించేది ఇది. పేరులేని కార్మికుడి చెమట మీద చందా వసూలవుతుంది. కానీ పేరులేని కార్మికుడికి మందుబిళ్ళ రాదు.

దానికి విరుగుడు కూడా చట్టంలోనే ఉండేది. యజమాని చందా ఎగ్గొట్టినందువల్ల కార్మికుడు సౌకర్యం కోల్పోతే, కార్పొరేషను ఆ సౌకర్యం కార్మికుడికి ఇచ్చి, యజమాని నుంచి ఆ తేడా గానీ, ఎగ్గొట్టిన చందాకు రెండింతలు గానీ, ఏది ఎక్కువైతే అది రాబట్టుకోవచ్చని 68వ సెక్షను చెప్పింది. అయితే ఆ సెక్షను ఇవ్వాలి అనలేదు, ఇవ్వవచ్చు అన్నది. ఈ ఒక్క క్రియాపదం మీద ఎన్ని దరఖాస్తులు ఆగిపోయి ఉంటాయో ఊహించవచ్చు. కార్పొరేషను తృప్తి పడాలంటే మనిషి అక్కడ పనిచేశాడని రుజువు కావాలి. రుజువు యజమాని బీరువాలో ఉంటుంది.

దీన్ని లెక్కలో చూద్దాం. రోజుకు 600 రూపాయల కూలి ఉన్న మనిషి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 150 రోజులు పనిచేశాడనుకుందాం. కాంట్రాక్టరు 70 రోజులే చూపించాడు. జబ్బు భృతి రావాలంటే ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఆ చందా మీద హక్కు వచ్చే కాలం మరుసటి జనవరి నుంచి జూన్ దాకా. జనవరిలో కామెర్లు వచ్చి 30 రోజులు పడుకున్నాడు. కూలిలో 70 శాతం అంటే రోజుకు 420 రూపాయలు, మొదటి రెండు రోజులు తీసేస్తే 28 రోజులకు 11,760 రూపాయలు రావాలి. ఎనిమిది రోజులు తక్కువైనందుకు ఒక్క రూపాయి రాదు. కాంట్రాక్టరుకు మిగిలిందెంత? దాచిన 80 రోజుల కూలి 48,000. 2019 జూలై నుంచి ఉన్న రేటు ప్రకారం యజమాని వాటా 3.25 శాతం, అంటే 1,560 రూపాయలు. కార్మికుడి 0.75 శాతం కూడా కోసుకొని కట్టకపోతే ఇంకో 360. ఇతను 1,920 మిగుల్చుకున్నందుకు అతను 11,760 పోగొట్టుకున్నాడు. ఆ నెల ఇల్లు ఎట్లా గడిచిందో వడ్డీ వ్యాపారిని అడగాలి.

పనిలో తగిలిన దెబ్బకు ఇన్ని రోజుల చందా అన్న షరతు లేదు, మొదటి రోజు నుంచే హక్కు. దీన్ని కూడా తిప్పేశారు. ఎస్టేట్లలో అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. వేళ్ళు తెగినాకనే ఆ మనిషి పేరు రిజిస్టరుకెక్కుతుంది. మిషను ఆగినాక ఫారం నింపుతారు. పేరెక్కిన తేదీ, ప్రమాదం తేదీ పక్కపక్కనే ఉంటాయి. ఇట్లాంటి జంట తేదీల్ని వెతికితే ఒక ప్రాంతంలో ఎంతమంది పేరులేకుండా పనిచేశారో కొంతవరకు తెలుస్తుంది. పరిశోధక విద్యార్థులు ఎవరైనా ఈ పని తలకెత్తుకోవాలని మా కోరిక. డాక్టరేటు కోసమే అయినా సరే.

ఆడవాళ్ళ సంగతి మరీ సూక్ష్మంగా జరుగుతుంది. ప్రసూతి భృతికి ముందటి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులు ఉండాలి. 2017 నుంచి అది 26 వారాల జీతం. కుట్టు యూనిట్లలో, ప్యాకింగులో పనిచేసే అమ్మాయి కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త మనిషి అవుతుంది. ఒకే కుర్చీ, ఒకే మిషను, మూడు పేర్ల కాంట్రాక్టర్లు. కొత్త నంబరు ఇచ్చినప్పుడల్లా పాత రోజులు పాత నంబరు కింద మిగిలిపోతాయి. ఊడ్చే ఆడవాళ్ళకయితే ఆ నంబరు కూడా రాదు.

బర్డెన్ అన్న మాట

1980ల చివర్లో రెండు ఎదురెదురు పనులు ఒకేసారి జరిగాయి. 1989 సవరణ కరెంటుతో నడిచే ఫ్యాక్టరీలకు 20 మంది ఉండాలన్న హద్దును 10కి దించి ఇ.ఎస్.ఐ.ని చిన్న యూనిట్లలోకి తెచ్చింది. దానికి ఏడాది ముందే, 1988లో, చిన్న సంస్థలకు కొన్ని కార్మిక చట్టాల కింద రిజిస్టర్లు, రిటర్నుల నుంచి మినహాయింపులు ఇచ్చే చట్టం వచ్చింది. ఒక చేత్తో హక్కు, ఇంకో చేత్తో దాని పుస్తకాన్ని పలచన చేయడం. 2014లో ఆ మినహాయింపును 40 మంది దాకా పెంచారు. 2017లో తొమ్మిది కేంద్ర చట్టాల కింద ఉన్న 56 రిజిస్టర్లను 5కు కుదించారు. ఇన్ని పుస్తకాలు ఎవరు రాస్తారు, బర్డెన్ కాదా అని పరిశ్రమల సంఘాల వాదన. అనవసరపు పుస్తకాలు ఉండవచ్చు, కాదనం. కానీ రాసేవాడికి బర్డెన్ అయిన ఆ పుస్తకమే రాయబడే మనిషికి ఏకైక సాక్ష్యం. ఈ వైపు నుంచి మాట్లాడినవాళ్ళు ఆ చర్చలో లేరు.

విచిత్రం ఏమిటంటే కాగితం కావలసిన చోట కరువు, అక్కర్లేని చోట కుప్పలు. 2019 సెప్టెంబరులో తెలంగాణ ఇన్సూరెన్స్ మెడికల్ సర్వీసెస్ మందుల కొనుగోళ్ళ కేసులో ఏ.సి.బి. అప్పటి డైరెక్టరుతో సహా పలువురిని అరెస్టు చేసింది. లేని అవసరాలకు ఇండెంట్లు సృష్టించారన్నది అభియోగాల్లో ఒకటి. అభియోగం అభియోగమే, తేలవలసింది కోర్టులో. అయినా రోగి లేకుండానే మందుకు కాగితం పుట్టవచ్చునన్న మాట, మనిషి ఉండీ కాగితం పుట్టని నాచారం షెడ్డు పక్కన పెట్టి చూసినప్పుడు నవ్వు రాదు.

2025 నవంబరు 21న నాలుగు లేబరు కోడ్లు అమలులోకి వచ్చి, 1948 ఇ.ఎస్.ఐ. చట్టం సామాజిక భద్రతా కోడులో కలిసిపోయింది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన కోడ్లలో ఉంది. దాన్ని మేము చిన్నచూపు చూడం. దళిత కార్మికుడి చేతిలోకి ఒక కాగితం రావడం మంచిదే, దాన్ని అడిగి తీసుకోవాలి. అయితే కాంట్రాక్టు కార్మికుల నిబంధనలకు 1970 చట్టంలో 20 మంది అని ఉన్న హద్దు ఇప్పుడు 50 అయింది. నాచారంలో 49 మందితో రెండు కాంట్రాక్టులు రాసుకోవడం ఎవరికీ కష్టం కాదు. చందా బాకీల విచారణకు ఐదేళ్ళ గడువు 2010 సవరణతోనే వచ్చింది, కోడులోనూ ఉంది. ఐదేళ్ళు దాటిన తర్వాత పాత పుస్తకం యజమానికి చెత్త.

రెండు పేర్ల మనిషి

ఇప్పుడు అంతా ఆధార్, ఆన్‌లైను. గుమాస్తా పెన్ను పోయి కంప్యూటరు వచ్చింది కాబట్టి మోసానికి తావు లేదంటారు. దళిత క్రైస్తవుల పేర్ల సంగతి చూస్తే ఇది ఎంత అమాయకమైన మాటో అర్థమవుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు తప్ప ఎస్.సి. హోదా లేదు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. దీనివల్ల మన పల్లెల్లో ఒక మనిషికి రెండు పేర్లు మామూలైపోయాయి. చర్చిలో యేసురత్నం, స్కూలు సర్టిఫికెట్లో ఎల్లయ్య. ఇది మోసం కాదు. రాజ్యం పెట్టిన షరతుకు పేదవాడు కనుక్కున్న దారి. ఇదే మనిషి 1990లలో ఫ్యాక్టరీలో చేరినప్పుడు సూపర్‌వైజరు పిలిచిన పేరే రాశాడు. యేసురత్నాన్ని రత్నం అని రాశాడు, తండ్రి పేరు అడగనే లేదు. 2014లో యు.ఎ.ఎన్. నంబరు వచ్చింది, తర్వాత దానికి ఆధార్ జోడించమన్నారు. ఇప్పుడు రత్నం, యేసురత్నం, ఎల్లయ్య ముగ్గురు మనుషులు. ముగ్గురిలో ఎవరికీ పి.ఎఫ్. రాదు.

పేరు సరిచేసుకోవాలంటే కార్మికుడూ యజమానీ కలిసి సంతకం చేసిన జాయింట్ డిక్లరేషను కావాలి. 2025 జనవరిలో దీన్ని కొంత సడలించారు. 2017 అక్టోబరు తర్వాత యు.ఎ.ఎన్. తీసుకొని ఆధార్‌తో సరిచూసుకున్నవాళ్ళు యజమాని లేకుండానే వివరాలు మార్చుకోవచ్చు. అంటే కుర్రవాళ్ళకు తేలికైంది. పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు పనిచేసి, పాత నంబరుతో, పాత పేరుతో ఉన్నవాళ్ళకు యజమాని సంతకం కావాలి.

ఆ యజమాని ఎక్కడున్నాడు? ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడిచింది, ఉప్పల్‌లో ఐ.టి. భవనాలు లేచాయి, భూమి ధర పెరిగింది. యంత్రం కంటే నేల విలువైనదైపోయింది. కోడ్లు అమలైన 2025 నవంబరులోనే తెలంగాణ ప్రభుత్వం పాత పారిశ్రామికవాడల భూముల్ని ఇండ్లకూ వ్యాపారానికీ మార్చుకునే హిల్ట్ విధానం తెచ్చింది. ఆ జాబితాలో ఉప్పల్, నాచారం ఉన్నాయి. భూమి మార్పిడికి ఎంత ఫీజు కట్టాలో విధానంలో ఉంది. షెడ్డు పడగొట్టేముందు ఉద్యోగుల రిజిస్టర్లు, యాక్సిడెంట్ బుక్కులు, జీతాల పుస్తకాలు ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న ఆ చర్చలో ఎవరూ వేయలేదు. మేము వేస్తున్నాము. భూమి మార్పిడి అనుమతికి ముందు ఆ ఫ్యాక్టరీ పుస్తకాలన్నీ కార్మిక శాఖకో, రాష్ట్ర ఆర్కైవ్స్‌కో అప్పగించినట్టు రసీదు చూపాలని యూనియన్లు, దళిత సంఘాలు కలిసి అడగాలి. రికార్డు అప్పగించే దాకా కంపెనీ తరఫున జాయింట్ డిక్లరేషన్ల మీద సంతకం పెట్టే మనిషి ఎవరో గేటు మీద రాసి పెట్టాలి.

అవి వచ్చేలోపల బస్తీల్లో మిగిలినవి ఉన్నాయి. ట్రంకు పెట్టెల్లో పాత ఇ.ఎస్.ఐ. తాత్కాలిక గుర్తింపు చిట్టీలు, డిస్పెన్సరీ పుస్తకాలు, పి.ఎఫ్. స్లిప్పులు, గేటు పాసులు, నాచారం, సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రుల డిశ్చార్జి కాగితాలు, కాంట్రాక్టరు పెన్సిలుతో రాసిచ్చిన కూలి చీటీలు. వాటికి ఫోటో ప్రతులు తీసి, పేరు ఎన్ని రకాలుగా రాసి ఉందో అన్ని రకాలూ రాసుకొని, తేదీల వరుసలో పెట్టే పని ఏ బస్తీలోనయినా ఇద్దరు విద్యార్థులు ఆదివారాలు చేయగలిగిన పని.